హెల్మెట్ ఉంటే పెదాలతో పనేంటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి: వీడియో గేముల్లోని సైనికుల్ని పెట్టుకుని సొంత సిరీస్ తీయడం. అందరికీ ఒకేసారి ఈ బుద్ధి ఎందుకు పుట్టిందో నాకైతే అర్థం కాలేదు (సెలవులు కదా, అదే కారణం అయ్యుంటుంది). ఫోన్ కెమెరాల ప్రశ్నలన్నీ వచ్చే నెలకి జరిపేసి ఇవే తీసుకున్నాను, మిగతావాళ్లు తిట్టుకోకండి.

ప్రశ్న: అన్నా, హాస్టల్లో మేం నలుగురం హేలో అనే షూటింగ్ గేమ్ ఆడతాం. ఆ గేమ్‌లోనే తెలుగులో కామెడీ సిరీస్ తీద్దామని ప్లాన్ వేశాం. క్లాసులో చెబితే నవ్వారు. ఇలా ఎవరైనా నిజంగా తీశారా, లేక మేమే పిచ్చోళ్లమా?
— బీటెక్ రెండో ఏడాది, కాకినాడ

జవాబు: తీశారు తమ్ముడూ. మీరు పిచ్చోళ్లయితే మీకంటే ఇరవై ఏళ్లకు ముందే అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ దగ్గర, ఒక జట్టు పిచ్చోళ్లు ఉన్నారు. బర్నీ బర్న్స్, జెఫ్ రామ్సే, గస్ సొరోలా, మ్యాట్ హల్లమ్, జోయెల్ హేమన్. వీళ్లు రూస్టర్ టీత్ అని పేరు పెట్టుకుని 2003 ఏప్రిల్ 1న, హేలోలోనే తీసిన కామెడీ సిరీస్ 'రెడ్ వర్సెస్ బ్లూ' మొదటి ఎపిసోడ్ వదిలారు. ఏప్రిల్ ఒకటి అని నవ్వుకోకండి, ఆరో ఎనిమిదో ఎపిసోడ్లు తీసి ఆపేద్దామనుకున్నది మొదటి సీజన్‌లోనే 19కి పోయింది, సిరీస్ మొత్తం 2024 దాకా సాగింది. అప్పటికి యూట్యూబ్ లేదు, అది వచ్చింది 2005లో. వీళ్లు తమ సొంత సైట్లో ఫైలు పెడితే జనం డౌన్‌లోడ్ చేసుకుని చూసేవాళ్లు.

ఎలా తీశారన్నదే అసలు మజా. హేలో మొదటి ఆట 2001లో ఎక్స్‌బాక్స్ మీద, అంటే టీవీకి తగిలించి ఆడే మైక్రోసాఫ్ట్ గేమ్ పెట్టె మీద, వచ్చింది. ఒకటికి మించి ఎక్స్‌బాక్స్‌లని కేబుల్‌తో కలిపితే అందరూ ఒకే మైదానంలో ఆడుకోవచ్చు. వీళ్లు అలా కలిపి, తలా ఒక సైనికుణ్ని పట్టుకుని నిలబడ్డారు. ఒకడు మాత్రం ఏమీ నటించడు, ఊరికే చూస్తూ ఉంటాడు, ఎందుకంటే కెమెరా వాడే! వాడి సైనికుడి కంటికి కనిపించేదే మనకు ఫ్రేము. ఆ స్క్రీన్ మీద కింద వాడి తుపాకీ, పైన బుల్లెట్ల లెక్కలూ కనిపిస్తాయి కదా, వాటిని కప్పేయడానికి పైనా కిందా నల్ల పట్టీలు వేసేశారు. చూసేవాళ్లకేమో సినిమా తెరలా కనిపించింది, ఒక దెబ్బకు రెండు పిట్టలు.

తుపాకీతో ఇంకో తంటా. షూటింగ్ గేమ్‌లో సైనికుడు ఎప్పుడూ ఎదుటివాడి మీదికి గురిపెట్టే ఉంటాడు. ఇద్దరు కబుర్లు చెప్పుకునే సీన్ తీస్తే ఇద్దరూ ఒకరినొకరు చంపుకోబోతున్నట్టు ఉంటుంది. అయితే మొదటి హేలోలో ప్రోగ్రామింగ్‌లో ఒక పొరపాటు దొర్లింది: చేతిలో పిస్టల్ ఉంచుకుని నేల వైపు గురిపెడితే, పక్కవాడి స్క్రీన్ మీద ఆ సైనికుడు తుపాకీ దించేసి, తలెత్తి మామూలుగా ఎదురుగా చూస్తున్నట్టు కనిపించేవాడు. ఆ ఒక్క తప్పు మీద సిరీస్ మొదలైంది! తర్వాత 2004లో హేలో 2 చేసినప్పుడు, ఆట తయారుచేసిన బంగీ కంపెనీవాళ్లే తుపాకీ దించడానికి విడిగా ఒక బటన్ పెట్టారు, ఇలా సినిమాలు తీసేవాళ్ల కోసం.

ఇక హెల్మెట్. సైన్స్ ఫిక్షన్ షూటింగ్ ఆటలే ఈ పనికి ఎందుకు బాగా కుదిరాయంటే నా లెక్కలో కారణం ఇదొక్కటే. ముఖం కనపడదు, పెదాలు కనపడవు, కాబట్టి మాటకీ నోటికీ పొంతన కుదరలేదన్న గొడవే లేదు. ముందు గొంతులు రికార్డు చేసుకోవడం, తర్వాత ఆ ఆడియో వింటూ, ఎవరి డైలాగ్ వస్తే వాళ్ల సైనికుడి తల కొంచెం ఆడించడం. మన తోలుబొమ్మలాట చూసినవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. తెర మీద జుట్టుపోలిగాడి చెయ్యి ఊగిందంటే ఆ తిట్లు వాడివే అని కూర్చున్నవాళ్లందరికీ తెలిసిపోతుంది, తెర వెనక ఎవరు అరుస్తున్నారో ఎవరికీ పట్టదు.

కథ గురించి ఒక్క మాట. వాళ్లు ముందు కథ రాసుకుని దానికి తగ్గ గేమ్ వెతకలేదు. ఆ ఆటలో బ్లడ్ గల్చ్ అని ఒక లోయ ఉంది, చుట్టూ కొండలు, ఈ చివర ఎర్రవాళ్ల స్థావరం, ఆ చివర నీలం వాళ్ల స్థావరం, మధ్యలో ఏమీ లేదు. అక్కడ వీళ్లెందుకున్నారు? అవతల వాళ్లున్నారు కాబట్టి. వాళ్లెందుకున్నారు? ఇవతల వీళ్లున్నారు కాబట్టి. ఇంతే కథ. అచ్చం మన ఊళ్లలో గట్టు తగాదాలాగే. మీరు కూడా మీ గేమ్‌లో ఉన్న మైదానాన్ని ఒక గంట ఊరికే తిరిగి చూడండి, ఒక్క తూటా పేల్చకుండా. ఏముందో, ఏం లేదో రాసుకోండి. లేనిదాన్ని స్క్రిప్ట్‌లో పెట్టకండి. పెళ్లి సీన్ రాసుకుని తర్వాత పందిరి ఎక్కడ దొరుకుతుందని నన్ను అడగొద్దు.

ప్రశ్న: నా దగ్గర ఒకే లాప్‌టాప్. ఫ్రెండ్స్ అందరూ ఉద్యోగాలకని తలా ఒక ఊరు పోయారు. ఒక్కడినే తీయగలనా?
— నిజామాబాద్

జవాబు: తీయొచ్చు. రాస్ స్కాట్ అనే ఆయన 2007లో 'ఫ్రీమ్యాన్స్ మైండ్' అని ఒకటి మొదలుపెట్టాడు. హాఫ్ లైఫ్ ఆటలో హీరో గోర్డన్ ఫ్రీమ్యాన్ ఒక్క ముక్క మాట్లాడడు, ఆట మొత్తం మౌనమే. ఈయన ఆ ఆట ఆడుతూ, ఆ మూగ హీరో మనసులో ఏమనుకుంటున్నాడో తన గొంతుతో చెప్పుకుంటూ పోయాడు, అంతే. నటులు అక్కర్లేదు, రెండో కంప్యూటర్ అక్కర్లేదు. హీరో ఎవరికీ కనపడడు కూడా. ఒంటరిగా ఉన్నవాడికి ఇంతకంటే చవకైన దారి నాకు తెలియదు. కానీ ఒక మనిషి గొంతు మీదే అంతసేపు నిలబెట్టాలంటే రాత గట్టిగా ఉండాలి. మన మావయ్య ఒకాయన బస్సులో పక్కన కూర్చుని ఊరొచ్చేదాకా అన్నిటి మీదా గొణుగుతూనే ఉంటాడు చూడండి, ఆ గొణుగుడు పట్టుకోగలిగితే చాలు.

బొమ్మల్ని మీ ఇష్టం వచ్చినట్టు కదిలించాలంటే సోర్స్ ఫిల్మ్‌మేకర్ ఉంది, వాల్వ్ కంపెనీది, 2012లో వచ్చింది, స్టీమ్ అనే వాళ్ల ఆన్‌లైన్ గేమ్ షాపులో ఉచితం. అందులో మీరు ఆట ఆడరు, ఆటలోని మనుషుల్ని ఫ్రేము ఫ్రేముగా యానిమేట్ చేస్తారు. నేర్చుకోవడానికి ఓపిక కావాలి. నేను ఒక ఆదివారం కూర్చుని ఒక సైనికుణ్ని కుర్చీలో కూర్చోబెడదామని చూశాను, సాయంత్రానికి వాడు కుర్చీలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాడు.

ఫ్రెండ్స్ వేరే ఊళ్లలో ఉండడం అసలు సమస్యే కాదు. రాత్రి అందరూ ఆన్‌లైన్‌లో కలిసి ఒక ప్రైవేట్ మ్యాచ్ పెట్టుకోండి. హేలో ఇన్ఫినిట్ మల్టీప్లేయర్ 2021 నుంచీ ఉచితమే. హేలో 3 కాలం నుంచి ఆ ఆటల్లో థియేటర్ అని ఒక సౌకర్యం ఉంది, ఆడిన మ్యాచ్ మొత్తం దాచి ఉంచుతుంది, తర్వాత తీరిగ్గా కెమెరాను మీకు నచ్చిన చోటికి తీసుకెళ్లి అదే సీన్‌ని పైనుంచి, పక్కనుంచి, దగ్గరనుంచి మళ్లీ మళ్లీ తీసుకోవచ్చు. 2003లో వాళ్లకి ఇది లేదు, షాట్ చెడిపోతే అందరూ మళ్లీ నిలబడాల్సిందే. స్క్రీన్ రికార్డింగ్‌కి ఓబీఎస్, ఎడిటింగ్‌కి డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్, గొంతుకి ఆడాసిటీ. రూపాయి ఖర్చు లేదు. డబ్బులుంటే మైక్ కొనండి, గ్రాఫిక్స్ కార్డు కాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. రోజంతా గేమ్ ముందు కూర్చుని, అడిగితే 'సినిమా తీస్తున్నా' అంటాడు. నమ్మమంటారా? టాయిలెట్‌లోంచి తలకాయ బయటికొచ్చే వీడియోలు కూడా చూస్తుంటాడు, టెన్షన్‌గా ఉంది.
— ఒక అమ్మ, గుంటూరు

జవాబు: ఆ తలకాయ వీడియోలు 'స్కిబిడి టాయిలెట్', 2023 ఫిబ్రవరిలో మొదలైంది, తీసింది అలెక్సీ గెరాసిమోవ్ అనే యానిమేటర్. పైన చెప్పిన సోర్స్ ఫిల్మ్‌మేకర్‌తోనే, పాత షూటింగ్ ఆటల్లోని బొమ్మలతోనే. నాకూ నచ్చదు, కానీ పిల్లలకి ఈ పని మీద ఆశ పుట్టించింది అదే అనుకుంటాను.

నమ్మాలా వద్దా అన్నది తేల్చుకోవడం తేలిక, అమ్మా. వాణ్ని స్క్రిప్ట్ చూపించమనండి. సినిమా తీసేవాడి దగ్గర నాలుగు గీతలైనా గీసిన కాగితం ఒకటి ఉంటుంది, సగం చెడిపోయిన ఎడిటింగ్ ఫైలు ఉంటుంది, 'ఇంకా అవ్వలేదమ్మా, ఇప్పుడు చూడకు' అని సిగ్గుపడతాడు. అవేవీ లేకపోతే ఆడుకుంటున్నాడు, అంతే. అదేం మహాపాపం కాదు గానీ దానికి టైమ్ పెట్టండి. ఆట మీద వయసు రేటింగ్ రాసి ఉంటుంది, అది చదవండి. ముక్కూమొహం తెలియనివాళ్లతో వాయిస్ చాట్ మాత్రం ఆపించండి. ఒకవేళ నిజంగానే తీస్తుంటే, మీ గొంతు ఒక పాత్రకి ఇవ్వండి. వాడి సైనికుల మీద మీరు కసురుకుంటే ఎలా ఉంటుందో నాకే వినాలనుంది.

ప్రశ్న: గేమ్ కంపెనీవాళ్లు కేసు వేయరా? వీడియోల మీద డబ్బులొస్తే తీసుకోవచ్చా?
— హైదరాబాద్

జవాబు: ఇది కౌలు సేద్యం లాంటిది. పంట మీదే, నేల వాళ్లది. రెడ్ వర్సెస్ బ్లూ మొదలైనప్పుడు నియమాలంటూ ఏమీ లేవు, హేలో సొంతదారైన మైక్రోసాఫ్ట్, బంగీ చూసి, నచ్చి, లైసెన్సు ఫీజు అడక్కుండా కానివ్వమన్నారు. 2007లో మైక్రోసాఫ్ట్ తన ఆటల వాడకం మీద నియమాలు రాసి పెట్టింది. సారాంశం ఇది: అభిమానులు వీడియోలు తీసుకోవచ్చు, కానీ అమ్మకూడదు, టికెట్ పెట్టకూడదు, బూతూ ద్వేషమూ నింపకూడదు, ఇది మైక్రోసాఫ్ట్‌ది కాదని చెప్పే వాక్యం ఒకటి తప్పకుండా పెట్టాలి. మొదట్లో ప్రకటనల డబ్బు కూడా వద్దన్నారు, తర్వాత యూట్యూబ్ భాగస్వామ్యం లాంటివాటికి ఒప్పుకున్నారు. వాల్వ్ విధానం కూడా దాదాపు ఇంతే. ప్రతి కంపెనీకీ వేరేగా ఉంటుంది కాబట్టి మీ గేమ్‌వాళ్ల పేజీ ఇవాళ్టి రూపంలో చదువుకోండి, నాలుగేళ్ల కిందటి యూట్యూబర్ మాట నమ్మకుండా.

మైక్రోసాఫ్ట్ నియమాల్లో ఎవరూ చదవని ముక్క ఒకటుంది. ఆ గేమ్ కథకే మీరు కొత్త అధ్యాయం కలిపితే, దాన్ని వాళ్లు కూడా మీకు పైసా ఇవ్వకుండా వాడుకునే హక్కు వాళ్లకి ఉంటుంది. కాబట్టి మీ బంగారంలాంటి కథ ఏదైనా ఉంటే దాన్ని ఇందులో పోయకండి, దాచుకోండి.

అయినా తెలుగువాళ్లకి అసలు దెబ్బ గేమ్ కంపెనీ నుంచి రాదు, పాట నుంచి వస్తుంది. హీరో ఎంట్రీ అని సినిమా బీజీఎం వేస్తారు, గంటలో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది, ఆ వీడియో డబ్బు మ్యూజిక్ కంపెనీకి పోతుంది. మీ ఫ్రెండ్‌ చేత డప్పు కొట్టించి రికార్డ్ చేయండి, ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: దీన్ని 'మెషినిమా' అంటారట. స్పెల్లింగ్ తప్పా?
— విశాఖపట్నం

జవాబు: తప్పే. మెషీన్, సినిమా కలిపి ఒక పదం అనుకున్నారు, హ్యూ హాన్‌కాక్ అనే స్కాట్లాండ్ ఫిల్మ్‌మేకర్ ఒక అక్షరం తప్పు రాశాడు, అదే నిలబడింది.

ప్రశ్న: మొదటి ఎపిసోడ్ ఎంతసేపు ఉండాలి? మేం నలభై నిమిషాలు రాశాం.
— కర్నూలు

జవాబు: నలభైయా! ఈ తరహాలో మొట్టమొదటిదని చెప్పుకునే 'డైరీ ఆఫ్ ఎ క్యాంపర్' 1996లో క్వేక్ ఆటలో తీశారు, రెండు నిమిషాలు కూడా లేదు. గొంతులు కూడా లేవు, డైలాగులన్నీ స్క్రీన్ మీద అక్షరాలే. ఒక మూల నక్కి కూర్చుని కాల్చేవాడొకడు, వాణ్ని పట్టుకోవడానికి వెళ్లిన జట్టు, చివర్లో వాడెవడో తెలియడం. ఆ నక్కినవాడు ఆ ఆట డిజైనర్ జాన్ రొమేరోనే! మొదలు, మధ్య, ట్విస్టు అన్నీ అందులోనే. మీ నలభైలోంచి మీకు బాగా నవ్వొచ్చిన రెండు నిమిషాలు తీసి పక్కన పెట్టుకుని అది ముందు షూట్ చేయండి. గొంతులు రికార్డ్ చేసేటప్పుడు కూలర్ ఆపండి, దుప్పటి కప్పుకోండి, చెమట పట్టినా సరే.