అమెరికాలో హరికథ చెప్పాలంటే ఏ వీసా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడే కపిలేశ్వరపురంలో హరికథ నేర్చుకున్నాను, ఇప్పుడు అదే బతుకుతెరువు. అమెరికాలో ఒక తెలుగు సంఘం వాళ్లు వచ్చే వేసవికి నాలుగు ఊళ్లలో కథలు చెప్పమని పిలిచారు, పారితోషికం కూడా ఇస్తామన్నారు. వాళ్లలో ఒకాయన ‘టూరిస్ట్ వీసా మీద వచ్చేయండమ్మా, ఎవరూ అడగరు’ అంటున్నారు. ఇంకొకరేమో అసాధారణ ప్రతిభావంతులకిచ్చే ఓ-1 పెట్టమంటున్నారు. నాకు పద్మశ్రీలేమీ లేవు, ఉన్నవల్లా శాలువాలే. నేను పెట్టుకోవచ్చా?

జవాబు: ముందు ఆ మొదటాయన మాట పక్కన పెట్టండి. డబ్బు తీసుకుని కథ చెప్పడానికి టూరిస్ట్ వీసా పనికిరాదు. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు పెట్టె తెరిపించి చిడతలు, గజ్జెలు, వాటి పక్కనే మీ ఫొటో వేసిన కరపత్రం చూశాడంటే అటునుంచి అటే వెనక్కి పంపేయొచ్చు, ఆ తర్వాత ఏ వీసాకి వెళ్లినా ఆ సంగతి బయటికొస్తుంది. ఎవరూ అడగరన్న పెద్దమనిషి ఆ రోజు ఫోనెత్తుతాడని నాకైతే నమ్మకం లేదు.

ఇక ఓ-1. పేరు చూసి హడలిపోతారు గానీ, సైంటిస్టులకు పెట్టిన కొలత కళాకారులకు లేదు. కళల్లో చూసేది మీ రంగంలో మామూలు వాళ్లకంటే బాగా పైన ఉన్నారా, పేరుందా అని. అమెరికాలో సంగీతానికిచ్చే గ్రామీ స్థాయి అవార్డో, కనీసం దానికి నామినేషనో ఉంటే సరే. లేదంటే ఆరు రకాల రుజువుల్లో మూడు చూపించాలి: పేరున్న కార్యక్రమాల్లో ప్రధాన పాత్ర, పేరున్న సంస్థల్లో ముఖ్యమైన స్థానం, పత్రికల్లో మీ గురించి రాసినవి, ఘనవిజయాలు, నిపుణులో ప్రభుత్వ సంస్థలో ఇచ్చిన గుర్తింపు, మిగతావాళ్లకంటే ఎక్కువ పారితోషికం.

శాలువాల దగ్గరే మనవాళ్లు దెబ్బతింటారు. బీరువా నిండా ఉన్నా లెక్కలోకి రావు, కప్పింది ఎవరు, ఎందుకు అన్నది కాగితం మీద ఉండాలి. ఆకాశవాణి కళాకారులకిచ్చే గ్రేడు ఉంటే ఆ ఉత్తరం, తిరుమలలో కథ చెప్పి ఉంటే ఆ ఆహ్వానం బంగారం. పేపర్ కటింగులు కూడా అంతే. ‘ఘనంగా శ్రీరామనవమి వేడుకలు’ అన్న వార్తలో ఆఖరి లైన్లో మీ పేరుంటే అది పందిరి గురించి రాసినట్టే గానీ మీ గురించి కాదు. కత్తిరించేటప్పుడు పేపరు పేరు, తేదీ ఉన్న పైముక్క పారేయకండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లీషు అనువాదం, చేసినవారి సంతకంతో ధ్రువీకరణ జతచేయాలి.

అన్నట్టు, ఓ-1 మీ అంతట మీరు పెట్టుకునేది కాదు. అక్కడి సంస్థో ఏజెంటో అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు ఐ-129 అనే ఫారం వేయాలి, మీతో ఒప్పందం, ఏ ఊళ్లో ఏ రోజు కథ అన్న వివరం, ఆ రంగానికి చెందిన సంఘం అభిప్రాయం జతపరచాలి. కార్యక్రమానికి ఏడాది ముందునుంచే వేయొచ్చు. అదనపు ఫీజు కడితే 15 పనిదినాల్లో ఏదో ఒకటి తేలుస్తారు. అది మంజూరయ్యాకే హైదరాబాద్ కాన్సులేట్‌లో మీ ఇంటర్వ్యూ.

ఇంతా చెప్పి నా సలహా ఏమిటంటే, మీరడగాల్సింది ఓ-1 కాదు, పీ-3. ఒక జాతికో ప్రాంతానికో ప్రత్యేకమైన కళను ప్రదర్శించేవాళ్లకూ నేర్పేవాళ్లకూ పెట్టిన వీసా అది. దీనికీ ఐ-129 వాళ్లే వేయాలి, కానీ ఇక్కడ మీరెంత గొప్పవారన్నది ప్రశ్న కాదు. తెలుగు హరికథ ఒక ప్రత్యేకమైన సంప్రదాయమని, మీరు దాన్ని పద్ధతిగా నేర్చుకున్నారని తెలిసినవాళ్లు రాసివ్వాలి. మీ గురువుగారో, తెలుగు విశ్వవిద్యాలయంలో ఈ కళ తెలిసిన ఆచార్యులో అయితే మంచిది, వాళ్ల అర్హతలు కూడా ఉత్తరంలో రాయించండి. ‘చాలా బాగా చెబుతుంది’ అన్న రెండు లైన్లు ఎందుకూ కొరగావు. ఏడాది వరకూ ఇస్తారు, నాలుగు కథలకు అది చాలదూ? మృదంగం, వయొలిన్ వాళ్లని కూడా తీసుకెళ్లాలంటే వాళ్ల పేర్లు మొదట్లోనే చెప్పండి, సంఘం వాళ్లు టిక్కెట్ల ఖర్చు చూసి అక్కడే ఎవరినో మాట్లాడేస్తామంటారు, ఒప్పుకోకండి.

ప్రశ్న: రాజమండ్రిలో బొమ్మలు వేస్తాను. ఓ-1 వస్తే గ్రీన్‌కార్డు వచ్చినట్టేనా?

జవాబు: కాదు. ఓ-1 మొదట మూడేళ్ల వరకూ ఇచ్చే తాత్కాలిక వీసా. గ్రీన్‌కార్డుకి అసాధారణ ప్రతిభావంతుల కోసం ఈబీ-1ఏ అనే దారి వేరే ఉంది, అది మీ అంతట మీరే వేసుకోవచ్చు, కానీ పదింట్లో మూడు రుజువులు చూపించాక కూడా జాతీయ, అంతర్జాతీయ స్థాయిలో నిలకడైన పేరుందా లేదా అని మళ్లీ మొత్తం తూస్తారు. డబ్బిస్తే అవార్డు ఇప్పిస్తాం, వ్యాసం వేయిస్తాం అని ఫోన్లు చేసేవాళ్లుంటారు. ఆ రుజువులు నిలవవు సరికదా, మోసమని తేలితే ఉన్న మంచి కాగితాల మీద కూడా అనుమానం వస్తుంది.

ప్రశ్న: మా ఆవిడకి ఓ-1 వచ్చేలా ఉంది. నేనూ వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు, ఓ-1 వాళ్ల కుటుంబానికిచ్చే ఓ-3 మీద. చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు.