ముందు గదే ఆఫీసైతే పన్ను తగ్గుతుందా?

ప్రశ్న: మేం విజయవాడలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. మా వారు హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. నాలుగేళ్లుగా ఇంటి నుంచే పని. కొత్త పన్ను విధానంలో ఉన్నారు. కుర్చీ, బల్ల, యూపీఎస్, రెండో మానిటర్ అన్నీ మా డబ్బుతోనే కొన్నాం. 85 వేల దాకా అయింది. నేను ఇంటీరియర్ డిజైనర్‌ని. ముందు గదిని ఆఫీసు చేసుకుని సొంతంగా పని చేస్తున్నాను. 2025-26లో ఫీజుల కింద 11 లక్షలు వచ్చాయి. అందులో బిల్డర్లు ఇచ్చిన 6 లక్షల మీద టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసే పన్ను) పట్టుకున్నారు. ఇంటద్దె నెలకు 24 వేలు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు ఇంట్లో ఆఫీసు గది చూపించి పన్ను తగ్గించుకుంటున్నాడట. మేం కూడా అద్దె, కరెంటు, నెట్ ఖర్చులు చూపించుకోవచ్చా? మా వారి కుర్చీ, యూపీఎస్ బిల్లులు నా ఖర్చుల్లో కలిపేయొచ్చా? రెండేళ్లలో సొంత ఫ్లాట్ కొనుక్కోవాలని ఉంది.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే నెట్ కనెక్షన్ మీద పని చేస్తున్నా పన్ను చట్టం మిమ్మల్ని ఒకేలా చూడదు. మీ వారు ఉద్యోగి, మీరు సొంత వృత్తి చేసుకునేవారు. అందుకే ఇద్దరికీ జవాబు వేర్వేరుగా చెబుతాను.

మీ వారి సంగతి త్వరగానే తేలిపోతుంది. జీతం తీసుకునేవారికి మన దగ్గర ఇంటి ఆఫీసు మినహాయింపు అంటూ ఏదీ లేదు. కొత్త విధానంలో 75 వేలు, పాత విధానంలో 50 వేలు స్టాండర్డ్ డిడక్షన్ ఇస్తారు. ఆ డబ్బు నిజంగా ఖర్చు పెట్టారా అని ఎవరూ అడగరు, అంతకు మించి అయిందన్నా ఒప్పుకోరు. కరోనా తర్వాత ఇంటి నుంచి పని చేసేవారికి బడ్జెట్‌లో ఏదైనా ఇస్తారేమోనని చాలామంది ఎదురు చూశారు. ఇవ్వలేదు.

ఆయన చేయగలిగింది ఒకటుంది. కంపెనీ హెచ్ఆర్‌ను అడిగి, ఆఫీసు పనికి వాడే ఫోను, నెట్ బిల్లులకు రీయింబర్స్‌మెంట్ పెట్టించుకోవాలి. బిల్లులు ఇచ్చి తీసుకున్న ఆ డబ్బు మీద పన్ను పడదు. కంపెనీ తన పేరున కొని వాడుకోవడానికి ఇచ్చిన ల్యాప్‌టాప్‌కూ పన్ను లేదు. అదే డబ్బును 'వర్క్ ఫ్రమ్ హోమ్ అలవెన్స్' అని నెలనెలా జీతంలో కలిపి ఇస్తే మాత్రం మొత్తం మీదా పన్ను పడుతుంది. ఆయన పే స్లిప్ ఒకసారి తీసి ఎలా ఇస్తున్నారో చూడండి.

ఆయన కుర్చీ, యూపీఎస్ బిల్లులు మీ ఖర్చుల్లో కలపొచ్చా అని అడిగారు. వద్దమ్మా. మీ వృత్తికి వాడినదే మీ ఖర్చు. ఆయన కూర్చునే కుర్చీని మీ లెక్కల్లో రాస్తే అది తప్పుడు లెక్క అవుతుంది. పైగా మీకు ఆ అవసరం కూడా లేదు, ఎందుకో కింద చెబుతాను.

మీ తమ్ముడు చెప్పినది నిజమే, కానీ అక్కడి చట్టం వేరు. అమెరికాలో సొంతంగా పని చేసుకునేవారు ఆ గదిని క్రమం తప్పకుండా, కేవలం పని కోసమే వాడుతుంటే చదరపు అడుగుకు 5 డాలర్ల చొప్పున, 300 చదరపు అడుగుల వరకు తీసేసుకునే తేలిక పద్ధతి ఉంది. అంటే గరిష్ఠంగా 1,500 డాలర్లు. మీ తమ్ముడు సొంతంగా ఏదో చేస్తూ ఉండాలి, లేదా పక్కన కన్సల్టింగ్ ఉండి ఉండాలి. అక్కడ కూడా జీతం మీద ఉన్నవారికి ఫెడరల్ పన్నులో ఈ సౌకర్యం 2018 నుంచి లేదు. ఉద్యోగం మాత్రమే చేస్తూ ఇది చూపిస్తున్నట్టయితే ఆయన్ని ఒకసారి సరిచూసుకోమనండి.

ఇక మీ దగ్గరకు వద్దాం. మన చట్టంలో ఇంటి ఆఫీసు పేరుతో సెక్షన్ లేకపోయినా, వృత్తి చేసుకునేవారికి ఆ ఖర్చులన్నీ దక్కుతాయి. పని చేసే చోటుకు కట్టే అద్దె సెక్షన్ 30 కింద, కంప్యూటర్, ఫర్నిచర్ తరుగుదల (వాడకంతో ఏటా తగ్గే విలువ) సెక్షన్ 32 కింద, మిగతావి సెక్షన్ 37 కింద వస్తాయి. ఇంట్లో కొంత భాగమే వృత్తికి వాడుతుంటే దానికి తగిన వంతు మాత్రమే తీసుకోవాలని సెక్షన్ 38 చెబుతుంది. కొత్త విధానంలో 80సీ (పీఎఫ్, బీమా లాంటి పొదుపుల మినహాయింపు) లాంటివి పోతాయి కాబట్టి ఇవి కూడా పోతాయని చాలామంది అనుకుంటారు. పోవు. ఇవి వృత్తి ఖర్చులు, లాభం లెక్కగట్టేటప్పుడే తీసేస్తారు. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. మీరిప్పుడు వేసేది 2025-26 ఆదాయానికి రిటర్న్ కాబట్టి పాత నంబర్లే చెబుతున్నాను.)

లెక్క ఎలా వేస్తారో చూద్దాం. టేపు తీసుకుని ఆ గది కొలవండి. 12 అడుగులకు 12 అడుగులు ఉందనుకుందాం, అంటే 144 చదరపు అడుగులు. ఇల్లు 1,200 చదరపు అడుగులైతే గది వంతు 12 శాతం. ఏడాది అద్దె 2,88,000లో 12 శాతం అంటే 34,560 రూపాయలు. కరెంటు బిల్లుకు ఇదే శాతం పట్టుకోనక్కర్లేదు. పగలంతా ఏసీ, కంప్యూటర్ నడిచేది ఆ గదిలోనే అయితే పావు వంతు అన్నా సమంజసమే. ఏడాదికి 42 వేల బిల్లయితే 10,500. ఎందుకు పావు వంతు తీసుకున్నారో ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి దాచుకుంటే చాలు. నెట్ ఇద్దరూ వాడతారు కాబట్టి 12 వేలలో సగం, 6 వేలు. జూన్‌లో 90 వేలు పెట్టి ల్యాప్‌టాప్ కొన్నారనుకుంటే తరుగుదల 40 శాతం, 36 వేలు. అదే ల్యాప్‌టాప్ జనవరిలో కొంటే, ఆ ఏడాదిలో వాడకం 180 రోజులకు తక్కువ కాబట్టి సగమే, అంటే 18 వేలు. 40 వేల బల్ల, బీరువాలకు 10 శాతం చొప్పున 4 వేలు.

ఇక్కడిదాకా గది తాలూకు ఖర్చు 91,060. దీనికి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ చందా 60 వేలు, సైట్లకు తిరిగిన ఖర్చు 48 వేలు, ఫోను 6 వేలు, డ్రాఫ్ట్స్‌మన్‌కు ఇచ్చింది 1,20,000 కలిపారనుకోండి. మొత్తం 3,25,060. మీ అసలు అంకెలు కొంత అటూ ఇటూ ఉంటాయి, అయినా 11 లక్షల ఫీజుకు ఇంటి నుంచి పని చేసే డిజైనర్ ఖర్చు దాదాపు ఇంతే ఉండటం నేను చూశాను.

ఇప్పుడు సెక్షన్ 44ఏడీఏ చూడండి. డాక్టర్లు, లాయర్లు, ఆర్కిటెక్టులతో పాటు ఇంటీరియర్ డెకరేషన్ వృత్తి కూడా ఈ సెక్షన్‌లో ఉంది. ఏడాది ఫీజులు 50 లక్షల లోపు ఉంటే, నగదు రూపంలో వచ్చింది 5 శాతం దాటకపోతే 75 లక్షల లోపు ఉన్నా సరే, వచ్చిన దాంట్లో సగం లాభంగా చూపిస్తే చాలు. మిగతా సగం ఖర్చు కింద ఒప్పేసుకుంటారు. బిల్లులు చూపించనక్కర్లేదు, ఖాతా పుస్తకాలు రాయనక్కర్లేదు. మీ 11 లక్షల్లో అది 5.5 లక్షలు. అద్దె, కరెంటు, తరుగుదల అన్నీ ఆ సగంలోనే ఉన్నట్టు లెక్క, మళ్లీ విడిగా అడగడానికి వీల్లేదు. మీకు నిజంగా అయిన ఖర్చు 3.25 లక్షలు, చట్టం ఏమీ అడక్కుండా ఇస్తున్నది 5.5 లక్షలు. ముందు గది శాతం గురించి మీరు పెట్టుకున్న టెన్షన్ ఇక్కడితో తీరిపోవాలి.

ఇంకో మాట. కొత్త విధానంలో ఈ ఏడాది మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే 87ఏ రిబేటు (పడిన పన్నులో ఇచ్చే తగ్గింపు) వల్ల పన్ను సున్నా అవుతుంది. షేర్లు, ఈక్విటీ ఫండ్లు అమ్మిన లాభాలకు ఆ రిబేటు వర్తించదు, అలాంటివి ఉంటే వేరే లెక్క. అవి లేకపోతే మీరు 5.5 లక్షలు చూపించినా పన్ను సున్నా, నిజంగా మిగిలిన 7.75 లక్షలు చూపించినా సున్నాయే.

అలాంటప్పుడు నా సలహా ఏమిటంటే, ఉన్నదున్నట్టు 7.75 లక్షలే చూపించండి. 44ఏడీఏ సగానికి తగ్గకుండా చూపించమంటుంది, అంతకు మించి మిగిలి ఉంటే ఆ పెద్ద అంకెను 44ఏడీఏ వాడేవారు వేసే ఐటీఆర్-4 రిటర్న్ ఫారంలోనే వేసుకోవచ్చు. రెండేళ్లలో ఫ్లాట్ కొంటామన్నారు. హోమ్ లోన్‌కు వెళ్లినప్పుడు బ్యాంకువారు సొంత వృత్తి ఉన్నవారి దగ్గర రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతారు. అందులో ఉన్న ఆదాయాన్ని బట్టే ఎంత ఇవ్వాలో తేలుస్తారు. మీ చేతికి నిజంగా ఎంత వస్తుందో వాళ్లకు తెలిసే దారి ఆ కాగితమే. ఏటేటా ఆదాయం తగ్గించి చూపించుకుని, తీరా లోన్ దగ్గర 'మీ ఆదాయానికి ఇంతే వస్తుంది' అని మొహం వేలాడేసుకుని తిరిగొచ్చినవాళ్లు నా దగ్గరకు ప్రతి సంవత్సరం వస్తారు. వాళ్లలో చాలామందికి తగ్గించినందువల్ల మిగిలిన పన్ను పదో పదిహేనో వేలు, కొందరికి అదీ లేదు. ఆ స్థితి మీకు రాకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీకు వెంటనే చేతికొచ్చే డబ్బు టీడీఎస్‌లో ఉంది. బిల్డర్లు 6 లక్షల మీద 10 శాతం పట్టుకుని ఉంటే అది 60 వేలు. మీకు పన్ను సున్నా కాబట్టి రిటర్న్ వేస్తే ఆ 60 వేలూ రీఫండ్‌గా వెనక్కి వస్తాయి. ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ తెరిచి, పట్టుకున్న ప్రతి రూపాయీ మీ పాన్ మీద పడిందో లేదో చూడండి. ఏ బిల్డరైనా కట్టకపోతే ఇప్పుడే ఫోన్ చేసి అడగండి. గడువులో వేయలేకపోతే ఆలస్యపు రిటర్న్‌కు 2026 డిసెంబరు 31 దాకా సమయం ఉంటుంది. ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌లో రీఫండ్ అడగడానికి లేదు.

మీ వృత్తిలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఒకటి చెప్పాలి. పని చేయించుకునే ఇంటివారు ప్లైవుడ్, లామినేట్ డబ్బు, వడ్రంగి కూలీ అన్నీ డిజైనర్ ఖాతాలోనే వేసేస్తారు, డిజైనర్ అక్కడి నుంచి షాపుకూ మేస్త్రీకీ పంచుతారు. డిజైనర్ చేతికి మిగిలేది 2 లక్షలే అయినా ఖాతాలో 15 లక్షలు వచ్చినట్టు కనిపిస్తుంది. అప్పుడు అది ఫీజు ఎంత, కాంట్రాక్టు ఎంత అన్న తగాదా మొదలవుతుంది. 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ మాట కూడా వస్తుంది. మీ 11 లక్షలూ పూర్తిగా డిజైన్ ఫీజే అయితే ఇబ్బంది లేదు. ఇకముందు కూడా సామాన్ల డబ్బు ఇంటివారితోనే నేరుగా షాపుకు కట్టించండి, మీరు మీ ఫీజుకే బిల్లు ఇవ్వండి.

అలాగని టేపు పడేయొద్దు. ఇద్దరు ముగ్గురు ఉద్యోగుల్ని పెట్టుకుని ఖర్చు సగం దాటిన ఏడాది మీరు అసలు ఖర్చుల లెక్కకు మారాల్సి రావచ్చు. సగానికంటే తక్కువ లాభం చూపిస్తే ఖాతా పుస్తకాలు, ఆడిట్ తప్పవు. ఆ రోజు ఈ గది వంతు నిజంగా పనికొస్తుంది. దానికి ఇప్పుడే సర్దుకోవాల్సింది అద్దె ఒప్పందం. అది ఒక్క మీ వారి పేరునే ఉండి, అద్దె అంతా ఆయన ఖాతా నుంచే వెళ్తుంటే మీరు అద్దె కట్టారని చెప్పడం కష్టం. వచ్చేసారి ఒప్పందం రాసుకునేటప్పుడు ఇద్దరి పేర్లూ వేయించి, మీ వంతు మీ ఖాతా నుంచే పంపండి. మీ వారు ఎప్పుడైనా పాత విధానానికి మారి హెచ్ఆర్ఏ (ఇంటద్దె అలవెన్స్) మినహాయింపు తీసుకుంటే, ఆయన చూపించే అద్దెలోంచి మీ 12 శాతం తీసేయాలి. ఒకే రూపాయిని ఇద్దరూ చూపించకూడదు.

బల్లలు, బీరువాలు చేయించేటప్పుడు వడ్రంగికి ఒకే రోజు 10 వేలకు మించి నగదు ఇవ్వకండి. నా దగ్గరకు వచ్చే ఒకావిడ 60 వేల టేబుల్‌కు మొత్తం నోట్ల కట్టగా ఇచ్చారు. వస్తువు కళ్లెదుటే ఉన్నా తరుగుదల లెక్కకు అందులో ఒక్క రూపాయీ పనికిరాలేదు. ఆవిడే ఏడాది బిల్లులన్నీ చెప్పుల పెట్టెలో వేసి తెచ్చారు. పెట్రోలు స్లిప్పులు చూస్తే సగం తెల్లకాగితాలైపోయాయి, ఆ కాగితం మీద అచ్చు ఎండకూ వేడికీ చెరిగిపోతుంది. తీసుకున్న రోజే ఫోనుతో ఫొటో తీసి, నెలకొక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

రేపు ఫ్లాట్ కొన్నాక ఈ లెక్క మళ్లీ మారుతుంది. సొంత ఇంట్లో గదికి మీకు మీరే అద్దె రాసుకోవడం కుదరదు. గది మరమ్మతులు, ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్‌లో వంతు, లోన్ వడ్డీలో ఆఫీసు గదికి తగిన భాగం చూపించుకోవచ్చు. అదీ మీరు 44ఏడీఏ వదిలి అసలు ఖర్చుల లెక్కకు మారితేనే. రిజిస్ట్రేషన్ ఎవరి పేరున, లోన్ ఎవరి పేరున అన్నది అందుకే ముందుగా ఆలోచించుకోవాలి. అడ్వాన్స్ ఇచ్చే ముందు మీ ఇద్దరి తాజా రిటర్నులు పెట్టుకుని నాకు మళ్లీ రాయండి. అప్పటి అంకెలతో కూర్చుని చూద్దాం.