మీరడిగారు: గుంటలో పచ్చ నీళ్లు, అలల్లో నీలి వెలుగు

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరం నుంచే వచ్చాయి. అడిగినవాళ్లు వేరు, ఊళ్లు వేరు, కానీ అన్నీ నీళ్లలో కంటికి కనపడని జీవుల గురించే. అందుకని వాటినే ఒకచోట చేర్చాను.

మాది వనామి రొయ్యల గుంట. నెల రోజులుగా నీళ్లు మంచి పచ్చరంగులో ఉన్నాయి. మొన్న ముసురు పట్టి మూడు రోజులు ఎండ లేదు. నాలుగో రోజు తెల్లవారుజామున రొయ్యలు అంచుకొచ్చి తేలాయి, నీళ్లేమో తేటబడి అడుగు కనిపిస్తోంది. ఆ పచ్చదనమే విషమైంది, ముందే మందు కొట్టి చంపి ఉండాల్సిందని మందుల షాపులో అంటున్నారు. నిజమేనా? (ఒక రొయ్యల రైతు, అల్లూరు)

కాదన్నా, వాళ్లు తలకిందులుగా చెబుతున్నారు. ఆ పచ్చదనం బతికున్నంత కాలం మీ గుంట బాగానే ఉంది. అది చచ్చిపోయిన రాత్రే రొయ్యలకి ఊపిరాడలేదు. పచ్చగా కనిపించింది ఏకకణ నాచు. ఒక్కో జీవి ఒకే ఒక్క కణం, విడిగా చూడాలంటే మైక్రోస్కోపు కావాలి. మనం వేసే మేతలోని నత్రజనిలో రొయ్య ఒంటికి పట్టేది పావు వంతో, ఇంకాస్త ఎక్కువో. మిగతాదంతా అమ్మోనియాగా, రెట్టగా, తినకుండా వదిలేసిన మేతగా నీళ్లలోకే పోతుంది. ఆ అమ్మోనియాని లాక్కుని నీళ్లని రొయ్య బతికేలా ఉంచింది ఈ నాచే. పగలు ఎండ కాస్తే ఆక్సిజన్ కూడా అదే ఇస్తుంది, మధ్యాహ్నం పూట డీవో (నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్) ఎప్పుడూ బాగుండేది అందుకే.

రాత్రి లెక్క వేరు. వెలుతురు లేనప్పుడు నాచు కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. రొయ్యలూ పీలుస్తాయి, అడుగున కుళ్లుతున్న మేత మీద బతికే బ్యాక్టీరియా కూడా పీలుస్తుంది, అందుకే డీవో తెల్లవారుజామున అట్టడుగుకి పడుతుంది. మూడు రోజుల ముసురులో పగటి సంపాదన పోయింది, రాత్రి ఖర్చు మాత్రం ఎప్పటిలాగే ఉంది. దానికి తోడు వాననీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పొరలా నిలబడిపోతుంది, పైనీరూ అడుగునీరూ కలవవు. ఉప్పు, పీహెచ్ ఒక్కసారిగా పడిపోయేసరికి నాచు తట్టుకోలేక మొత్తం ఒకేసారి చచ్చి అడుగుకి చేరుతుంది. మీవైపు బ్లూమ్ క్రాష్ అంటారే, అదే ఇది. చచ్చిన నాచుని కుళ్లబెడుతూ బ్యాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ లాగేస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది, నీళ్లు మాత్రం చూడ్డానికి శుభ్రంగా ఉంటాయి.

మందు కొట్టి నాచుని చంపడమంటే ఇదే క్రాష్‌ని డబ్బు పెట్టి కొనుక్కోవడం. రొయ్యలున్న గుంటలో కాపర్ సల్ఫేట్ గానీ బ్లీచింగ్ గానీ చల్లమని ఎవరు చెప్పినా వినకండి. ముసురు పట్టగానే మేత తగ్గించండి, రొయ్య తేలితే పూర్తిగా ఆపేయండి. నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి, వాన పడుతుంటే పగలు కూడా తిప్పాలి, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో సాయంత్రమే చూసుకోవాలి. డీవో లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే తగ్గనివ్వకండి, 3 కంటే కిందికి పోతే ప్రమాదం. నీటి తేటదనం కొలవడానికి ముంచే సెక్కీ డిస్క్ అనే బిళ్ల 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతు దాకా కనిపిస్తుంటే నీటి రంగు గురించి టెన్షన్ అక్కర్లేదు. అది 20కి వచ్చిందంటే నాచు మరీ చిక్కబడినట్టు, అప్పుడే మొదలుపెట్టి రోజుకి కొంచెం కొంచెంగా నీళ్లు మార్చుకోవాలి. రంగు తొందరగా రావాలని పక్క గుంట నీళ్లు తెచ్చి పోసుకునే అలవాటు కొందరికి ఉంది, అది వద్దు, ఆ నీళ్లతో తెల్లమచ్చ జబ్బు కూడా వచ్చి చేరవచ్చు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. పట్టుబడి అయ్యాక అడుగు బురదనీళ్లని ఉప్పుటేటిలోకో బకింగ్‌హామ్ కాలువలోకో వదిలేస్తుంటారు. అందులో ఉన్న నత్రజని, భాస్వరం అక్కడి నాచుకి ఎరువవుతుంది. అక్కడా నాచు విపరీతంగా పెరిగి బ్లూమ్ వస్తుంది, అక్కడా క్రాష్ అవుతుంది, చేపలు చస్తాయి. ఆ కాలువ నీళ్లనే దిగువనున్న రైతు మోటారు వేసి తన గుంటకి తోడుకుంటాడు. ఒక చిన్న గుంటలో బురద తేర్చుకున్నాక నీళ్లు వదలడం మరీ మోయలేని ఖర్చేమీ కాదు, తప్పకుండా చేయాలని నా అభిప్రాయం.

రాత్రిపూట వల లాగుతుంటే నీళ్లు నీలంగా మెరుస్తున్నాయని మా ఆయన చెబితే ఒడ్డుకెళ్లి చూశాను, అలలు కూడా మెరిశాయి. ఫ్యాక్టరీ నీళ్లేమో అని భయంగా ఉంది. ఆ చేపలు పిల్లలకి పెట్టొచ్చా? (ఒక గృహిణి, కొత్తపట్నం)

భయపడకమ్మా, మీరు చెప్పిన వెలుగు ప్రాణమున్న జీవులదే. మన సముద్రంలో ఇలా మెరిసేవాటిలో ముఖ్యమైనది నాక్టిలూకా. ఇదీ ఒక్క కణమే, కానీ ఒక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది కాబట్టి గాజు గ్లాసులో పట్టుకుని చూస్తే సన్నటి చుక్కల్లా కంటికే ఆనుతుంది. అల విరిగినా, వల తగిలినా దాని లోపలి రసాయనాలు కలిసి రెప్పపాటు కంటే తక్కువసేపు వెలుగుతాయి. తనని తినడానికి వచ్చిన చిన్న జీవిని ఆ వెలుగులో పెద్ద చేపకి పట్టిస్తుందని శాస్త్రవేత్తల ఊహ. 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌ల దగ్గర అలలు నీలంగా మెరిస్తే జనం రాత్రిళ్లు చూడ్డానికి వెళ్లారు, అక్కడ కూడా ఇదే.

మీ ఆయన పట్టిన చేప ప్రాణంతో వలలో పడి, తాజాగా ఉంటే నిశ్చింతగా వండుకోండి. నాక్టిలూకా మరీ చిక్కగా పెరిగినచోట అమ్మోనియా ఎక్కువై, ఆక్సిజన్ తగ్గి చేపలు చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తాయి, అవి మాత్రం ఏరుకోవద్దు. నీళ్లు ఎర్రగానో చిక్కటి పచ్చగానో మారిన రోజుల్లో ఆల్చిప్పలు తినకపోవడమే మంచిది. అవి నీళ్లు వడగట్టుకుని తింటాయి, కొన్ని రకాల నాచులో ఉండే విషం వాటి ఒంట్లో చేరుతుంది, ఉడకబెట్టినా పోదు.

రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల్లో పనిచేసేవాళ్లు దీన్ని ఇంకో వెలుగుతో కలపకూడదు. ట్యాంకులో కదిలించకపోయినా మసకగా, నిలకడగా వెలుగు కనిపిస్తే అది విబ్రియో హార్వేయి అనే బ్యాక్టీరియా కావచ్చు, వెంటనే ల్యాబ్‌లో చూపించాలి. అలాగని విబ్రియోలన్నీ శత్రువులు కావు. రొయ్యలు, పీతలు, వాటి కంటే చిన్న జీవులు విడిచిన గుల్లల్లోని కైటిన్ అనే గట్టి పదార్థాన్ని కరిగించి మళ్లీ సముద్రానికి మేతగా మార్చేవాటిలో ఈ కుటుంబం ముందుంటుంది. సముద్రపు నీళ్లు వాడే గుంటలో విబ్రియో అసలే లేకుండా చేయాలని యాంటీబయోటిక్ పోస్తే, జబ్బు తెచ్చే రకాలే మందుకి మొండికేసి మిగులుతాయి, సరుకులో ఆ మందు ఆనవాళ్లు దొరికి ఎగుమతి చేసిన కంటైనర్ కూడా వెనక్కి వస్తుంది.

భూమ్మీద సగం ఆక్సిజన్ సముద్రమే ఇస్తుందని మా సార్ చెప్పారు. అంత ఆక్సిజన్ ఎక్కడికి పోతోంది? (ఇంటర్ విద్యార్థిని, ఒంగోలు)

చాలా మంచి ప్రశ్న చెల్లీ. సార్ చెప్పింది నిజమే, భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రంలోని ఏకకణ నాచు, నాచులాగే ఎండతో తిండి చేసుకునే సయనోబ్యాక్టీరియా చేస్తాయి. అన్నిటినీ కలిపి తూచినా భూమ్మీది మొక్కల బరువులో ఒక శాతం కూడా ఉండవు, కానీ పుట్టిన కొద్దిరోజులకే ఎవరో తినేస్తారు, మళ్లీ పుడతాయి. వీటిలో సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువున్న ప్రోక్లోరోకాకస్ మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. 1988లో అమెరికా శాస్త్రవేత్త శాలీ చిజమ్ బృందం దాని గురించి ప్రకటించేదాకా అలాంటిది ఒకటుందనే ప్రపంచానికి తెలియదు, నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉండే విషయం ఇది.

ఇక నీ ప్రశ్న. ఆ ఆక్సిజన్‌లో దాదాపు మొత్తం సముద్రంలోనే ఖర్చయిపోతుంది. ఉపరితలం దగ్గర ఒక్క మిల్లీలీటరు నీళ్లలో 10 లక్షల బ్యాక్టీరియా, కోటి వైరస్‌లు ఉంటాయి. వైరస్‌లు రోజూ ఈ సూక్ష్మజీవుల్లో ఐదో వంతు దాకా పగలగొడతాయని అంచనా, లోపలి సరుకంతా నీళ్లలో కలిసి మళ్లీ బ్యాక్టీరియాకి తిండవుతుంది, ఆ తిండిని వాడుకోవడానికి ఆక్సిజన్ కావాలి. కుళ్లకుండా సముద్రం అడుగున పూడిపోయిన అతి కొద్ది నాచు వల్ల మాత్రమే ఆక్సిజన్ మిగులుతుంది. సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం మొదలై అలా మిగులుతూ వచ్చిందే ఇవాళ మనం పీల్చే గాలిలోని 21 శాతం. కాబట్టి రేపు నాచు ఆగిపోతే ఎల్లుండి మనకి గాలి ఉండదని ఎవరైనా అంటే నమ్మకు. ముందు ఆగిపోయేది చేపల తిండి.

చేపలు ఎక్కడున్నాయో హైదరాబాద్ నుంచి మెసేజ్ ఎలా పంపుతారు? తుపాను తర్వాత చేప బాగా పడుతుందంటారు, నిజమేనా? (ఒక మత్స్యకారుడు, జువ్వలదిన్నె)

ఉపగ్రహానికి చేప కనపడదన్నా, నీటి రంగు కనిపిస్తుంది. నాచులోని పత్రహరితం నీలి వెలుగుని పీల్చేసుకుంటుంది కాబట్టి నాచు ఎక్కువున్నచోట సముద్రం పచ్చబారుతుంది. దాన్నీ, పైనీటి వేడినీ కలిపి చూసి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దిక్కు, దూరం, లోతు చెబుతుంది. నాచుని చిన్న జీవులు తింటాయి, వాటికోసం కవళ్లు, నెత్తళ్లు వస్తాయి, వాటి వెనక వంజరం. ఇలా రంగు చూసే మన మొదటి ఉపగ్రహం ఓషన్‌శాట్ 1999 మే 26న శ్రీహరికోట నుంచే వెళ్లింది, అదే వరసలోని ఈఓఎస్-06 కూడా 2022 నవంబరు 26న అక్కడి నుంచే.

తుపాను మాట కూడా నిజమే కావచ్చు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్లు బంగాళాఖాతం మీద మూతలా పరుచుకుంటాయి, కింద ఉన్న పోషకాలు పైకి రావు, అందుకే అరేబియా సముద్రం కంటే మన దగ్గర నాచు తక్కువ. తుపాను ఆ పొరని చిలికేస్తుంది, కొద్దిరోజుల్లో నాచు పెరగడం ఉపగ్రహ చిత్రాల్లో చాలాసార్లు కనిపించింది. చేప అక్కడికి చేరడానికి మరికొంత సమయం పడుతుంది, హెచ్చరిక ఎత్తేయకముందే పడవ తీయకండి.

పాకల బీచ్‌లో కొన్ని రోజులు నురగ ఎక్కువగా ఉంటుంది. పిల్లలు ఆడుకోవచ్చా? (ఒక తండ్రి, సింగరాయకొండ)

నాచు చచ్చి కరిగినప్పుడు వచ్చే ప్రొటీన్లని అల చిలికితే అలా నురగ కడుతుందండీ. మామూలు తెల్ల నురగలో ఆడుకుంటే ఇబ్బంది లేదు, ఇంటికెళ్లాక మంచినీళ్లతో స్నానం చేయించండి. కాలువ వచ్చి సముద్రంలో కలిసే చోట మాత్రం, నురగ ఏ రంగులో ఉన్నా, పిల్లల్ని దింపకండి.