ఐ7నా, ఈక్యూఎస్‌నా: తిరుపతి నుంచి చూస్తే

అన్నా, ఎలక్ట్రిక్ కార్లలో బీఎండబ్ల్యూ ఐ7కా, మెర్సిడెస్ ఈక్యూఎస్ 580కా, దేనికి ఛార్జింగ్ నెట్‌వర్క్ బాగుంటుందని అడిగారు. ఆ టెన్షన్ వదిలేయండి. రెండింటికీ సీసీఎస్2 (ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్ రకం) పోర్టే, దారిలో ఆ ప్లగ్ ఉన్న ఏ కంపెనీ ఫాస్ట్ ఛార్జరైనా పనిచేస్తుంది. షోరూమ్‌లో చెప్పే 195, 200 కిలోవాట్ల గరిష్ఠ ఛార్జింగ్ వేగం లెక్కకు మురిసిపోకండి. ఛార్జర్ 60 కిలోవాట్లదైతే రెండు కార్లూ అంతకు మించి తీసుకోలేవు.

తిరుపతి నుంచి చిత్తూరు, కోలారు మీదుగా బెంగళూరుకు సుమారు 250 కిలోమీటర్లు. నిండా ఛార్జ్ చేస్తే ఏదైనా ఆగకుండా వెళ్తుంది. చెన్నై ఇంకా దగ్గర. కాబట్టి ముందు ఇంటి సంగతి చూడండి. త్రీ ఫేజ్ ఉంటే 11 కిలోవాట్ల వాల్‌బాక్స్‌తో (గోడకు బిగించే ఛార్జర్) రాత్రికి రాత్రే దాదాపు నిండుతుంది. సింగిల్ ఫేజ్ అయితే ఇంకా చాలాసేపు పడుతుంది, ఇంటి కరెంటు కనెక్షన్ లోడ్ పెంచమని ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

తిరుమల ఘాట్ దిగేటప్పుడు బ్రేకింగ్‌తో కొంత కరెంటు వెనక్కి వస్తుంది. కొండపైనే బ్యాటరీ నిండా నింపితే ఆ లాభం ఉండదు.

నన్నడిగితే వెనక సీటు సుఖానికి ఐ7. రేంజే ముఖ్యమంటే 107.8 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న ఈక్యూఎస్.