మంచి పాత ఇన్నోవా మన వైపు ఎందుకు దొరకదు, దొరకాలంటే ఏం చేయాలి?

మీరు పాలకొల్లులో ఉంటూ పాత 2.5 డీజిల్ ఇన్నోవా కోసం ఎనిమిది నెలలుగా వెతుకుతున్నానన్నారు. ఆన్‌లైన్‌లో పెట్టేవన్నీ ట్యాక్సీ తిరిగిన బళ్లేననీ, ఊళ్లో మంచి బండి ఉన్నవాళ్లు అమ్మం పొమ్మంటున్నారనీ రాశారు. ఎనిమిది నెలలకే విసుగొస్తే ఎలాగండీ, నాకు 14 నెలలు పట్టింది. మాది చించినాడ వంతెనకు ఇవతల, అంబాజీపేట దగ్గర ఊరు. కొబ్బరి వ్యాపారం. ఇంట్లో ఏడుగురం.

ముందు వాళ్లెందుకు అమ్మరో చూడండి. ఆ ఇన్నోవా 2005లో వచ్చింది. 2016లో దాని తర్వాతి తరం ఇన్నోవా, క్రిస్టా, రావడంతో ఆగిపోయింది. ఆ తర్వాత ఆ ఇంజనుతో కొత్త ఇన్నోవా ఒక్కటీ రోడ్డు మీదకు రాలేదు, ఉన్నవే తరుగుతున్నాయి. బాగా చూసుకున్న బండి అమ్మితే ఆరేడు లక్షలొస్తాయి. అలాంటిదే కొత్తది కొనాలంటే క్రిస్టాకి పాతిక లక్షల మాట. ఇన్నోవాలోనే ఇంకా కొత్తదైన హైక్రాస్ కొందామంటే అందులో డీజిలే లేదు. మూడు లక్షల కిలోమీటర్లు తిరిగినా కిక్కురుమనని బండిని ఆ ఆరు లక్షల కోసం ఎవరు వదులుకుంటారు? పెళ్లికీ, అన్నవరానికీ, ఆసుపత్రికీ అదే కదా.

కాబట్టి బజారుకు వచ్చేది ఎవరికీ అక్కర్లేని బండి. నా మొదటి అనుభవం చెప్తాను. 2022 చివర్లో భీమవరం వైపు ఒక డీలరు దగ్గర 2013 మోడల్ చూశాను. తెల్ల రంగు, అద్దంలా మెరుస్తోంది. "సింగిల్ ఓనరండీ, డాక్టరు గారి బండి" అన్నాడు. (మన రాష్ట్రంలో అమ్మకానికొచ్చే ప్రతి కారూ డాక్టరు గారిదే. అన్ని బళ్లు కొన్న డాక్టర్లు ఎక్కడున్నారో నాకిప్పటికీ తెలీదు.) నేను అడ్వాన్సు ఇచ్చేసేవాణ్ణే. మా మెకానిక్ ఆగమన్నాడు. వెనక సీటు బెల్టు పట్టుకుని లాగాడు, లాగాడు, చుట్ట మొత్తం బయటికొచ్చేదాకా లాగాడు. ఎప్పుడూ బయటకు రాని ఆ చివర జానెడు మేర బురద గీత, ఎండిపోయిన గోధుమ రంగులో. ముక్కు దగ్గర పెట్టుకుని చూడమన్నాడు. లంకలో వరద తీశాక ఇళ్లల్లో వచ్చే వాసన. ఆ జులైలోనే గోదావరి పొంగి లంక ఊళ్లన్నీ మునిగాయి కదా. బండి ఏ లంకలో మునిగిందో చెప్పలేను కానీ, మునిగింది మాత్రం నిజం.

తర్వాత కిందకు దూరి, స్క్రూ డ్రైవర్‌తో ఫ్లోర్ గీకాడు. పైన నల్ల పెయింటు కొత్తగా కొట్టి ఉంది. దాని కింద తుప్పు అప్పడంలా పెళుసుగా ఊడొచ్చింది. అది వరద పని ఒక్కటే కాదట. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండికి ఉప్పు నీళ్లు, ఉప్పు గాలి కింద నుంచి తినేస్తాయి, పైకేమీ కనిపించదు. మీది పాలకొల్లు కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను. నరసాపురం, మొగల్తూరు వైపు బండి చూస్తే జాకీ మీద లేపకుండా ధర మాట ఎత్తకండి.

ట్యాక్సీ బళ్ల సంగతి మీకే తెలుసు. ఎల్లో బోర్డు తీసి వైట్ బోర్డు చేయించినా ఆర్‌సీ చరిత్రలో దొరికిపోతుంది. మీటరు వెనక్కి తిప్పినా బ్రేకు పెడల్ రబ్బరు అబద్ధం చెప్పదు. 80 వేలు తిరిగిన బండికి ఆ రబ్బరు నున్నగా అరగదు. ఢిల్లీ బళ్లు చవగ్గా వస్తున్నాయంటారు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్ల మీద ఆంక్షలు పెట్టడం వల్ల వచ్చిన చవక అది. కానీ ఎన్‌వోసీ (అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్సు కలుపుకుంటే మిగిలేది పెద్దగా లేదు, పైగా బండి పుట్టుపూర్వోత్తరాలు తెలియవు. నేను ఆ జోలికి పోలేదు.

చివరికి నాకు బండి ఎలా దొరికిందంటే, నేను బండిని వెతకడం మానేశాను. చుట్టుపక్కల ఇన్నోవాలు ఎవరెవరికున్నాయో మా మెకానిక్‌కి నోటికి వచ్చు. "కొత్తపేట అవతల ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారున్నారు, 2012 మోడల్. కంటి ఆపరేషన్ అయ్యాక నడపట్లేదు, వారానికోసారి స్టార్ట్ చేసి ఆపేస్తున్నారు" అని చెప్పాడు. వెళ్లాను. "అమ్మకానికి కాదు బాబూ, కూర్చోండి, కాఫీ తాగండి" అన్నారు. తాగి వచ్చేశాను. మళ్లీ రెండు నెలలకు వెళ్లాను, మళ్లీ కాఫీయే. మూడోసారి వెళ్లేటప్పటికి సంక్రాంతి వెళ్లింది. పండక్కొచ్చిన కొడుకులు హైదరాబాద్ వెళ్తూ "నాన్నా, ఇంక స్టీరింగ్ పట్టుకోవద్దు" అని గట్టిగా చెప్పి వెళ్లారట. ఆ మాట నాకు చెప్పింది ఆయన కాదు, కాఫీ తెచ్చిన అమ్మగారు.

ఆయన తాళాలు ఇచ్చి, పక్క సీట్లో కూర్చుని, కాలవ గట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిపించారు. నేను బండిని చూస్తున్నాననుకున్నాను, ఆయన నన్ను చూస్తున్నారు. గుంత దగ్గర బ్రేకు ఎలా వేస్తున్నానో, ఆపగానే ఇంజను కట్టేస్తున్నానో లేదో. ఇంటికొచ్చాక బీరువాలోంచి ఒక లాంగ్ నోటుబుక్కు తీశారు. కొన్న రోజు నుంచి పోసిన ప్రతి డీజిలూ, మార్చిన ప్రతి ఆయిలూ, కిలోమీటర్లతో సహా నీలం ఇంకుతో రాసి ఉంది. లక్ష దగ్గర టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు ఆ పేజీకే పిన్ను కొట్టి ఉంది. బండి మొత్తం తిరిగింది లక్షా పన్నెండు వేలు. ఇంజను ఆన్‌లో ఉంచి ఆయిల్ మూత తీసి చూశాడు మా మెకానిక్, పొగ తన్నలేదు, అంటే ఇంజను అరగలేదన్నమాట. ఇంకేం మాట్లాడలేదు, నా వైపు చూసి తలూపాడు.

ఆరు లక్షల నలభై వేలు. బేరం ఆడలేదు. ఆ రోజు శుక్రవారం, లక్ష్మిని బయటకు పంపనని తాళాలు శనివారం ఇచ్చారు. బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు అప్పుడే చేయించుకున్నాను, ఇన్సూరెన్సు 14 రోజుల్లోపు నా పేరు మీదికి మార్పించాను. మీరూ ఈ రెండూ బద్ధకించకండి. ఇంకోటి, 15 ఏళ్లకు ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి కాబట్టి 2012, 2013 మోడల్ అయితే ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

మీ పాలకొల్లులోనూ ఇలాంటి మాస్టారు ఎవరో ఉండే ఉంటారు. ఆయన ఆన్‌లైన్‌లో పెట్టరు, డీలరుకీ ఇవ్వరు. ఆయన బండికి ఆయిల్ మార్చే మెకానిక్‌కి ఈ సంక్రాంతి లోపే మీ ఫోన్ నంబరు ఇచ్చి, మంచి బండి చూపిస్తే ఐదు వేలు ఇస్తానని చెప్పి ఉంచండి. ముక్కనుమ వెళ్లాక ఎప్పుడైనా ఫోన్ రావచ్చు. వచ్చిన రోజు బయానా డబ్బు జేబులో పెట్టుకునే బయల్దేరండి, వెనకాలే ఆ బండి వాళ్ల బావమరిది కూడా అడుగుతుంటాడు.