ఆకలే లేనప్పుడు డైటీషియన్ దగ్గరికెందుకు?

ప్రశ్న: నా వయసు 46. ఎత్తు 156 సెం.మీ. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. మూడు నెలల క్రితం 88 కిలోలు ఉన్నప్పుడు డాక్టర్‌గారు వారానికోసారి వేసుకునే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. మొదటి నెల 2.5 మి.గ్రా., తర్వాత నుంచి 5 మి.గ్రా. ఇప్పటికి 8 కిలోలు తగ్గాను. ఆకలి అసలు వేయడం లేదు. పొద్దున ఒక ఇడ్లీ, కాఫీ. మధ్యాహ్నం నాలుగు ముద్దల పెరుగన్నం. రాత్రి గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు. అంతే. వికారం, మలబద్ధకం ఉన్నాయి. జుట్టు బాగా ఊడుతోంది. మెట్లెక్కితే తొడలు పట్టేస్తున్నాయి. గుడ్డు తింటాను గానీ మాంసం, చేపలు ముట్టను. డైటీషియన్‌ను కలవమన్నారు. ఇంత తక్కువ తింటుంటే ఆమె ఇంకేం తగ్గిస్తారు?
– ఓ పాఠకురాలు, వరంగల్

సలహా: ఆమె ఏమీ తగ్గించరమ్మా, మీ చేత తినిపిస్తారు. మామూలుగా బరువు తగ్గాలని వచ్చినవారికి డైటీషియన్ తిండికి కోత పెడతారు. ఈ ఇంజెక్షన్ వేసుకునేవారికి ఆ కోత మందే పెట్టేస్తుంది. ఆ కొద్ది ముద్దల్లోనే ఒంటికి కావాల్సినవన్నీ ఎలా సర్దాలన్నది ఆమె చూస్తారు. మీకిప్పుడు ఆ సాయం అత్యవసరం.

మీరు రాసిన తిండిని లెక్కగడితే రోజంతటికీ 600 కేలరీలు దాటవు, ప్రొటీన్ 20 గ్రాములకు మించదు. బరువు తగ్గే దశలో కూడా ఆడవారు 1200 కేలరీలకు తగ్గకుండా తినాలి. ప్రొటీన్ కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. దీన్ని ఇప్పటి బరువుతో కాదు, ఎత్తుకు తగ్గ బరువుతో లెక్కేస్తాం. మీకది సుమారు 56 కిలోలు. అంటే రోజుకు 70 నుంచి 80 గ్రాములు. మీరు అందులో మూడో వంతు కూడా తినడం లేదు. ప్రొటీన్ అందనప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండనూ కరిగించుకుంటుంది. టిర్జెపటైడ్‌పై జరిగిన పెద్ద పరీక్షలోనే తగ్గిన బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కానిది. మరీ తక్కువ తినేవారిలో ఇది ఇంకా పెరగొచ్చు. మెట్ల దగ్గర మీ తొడలు పట్టేయడానికి ఇదే కారణం కావచ్చు. కాటా మీద 8 కిలోలు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ అందులో కొవ్వెంత, కండెంత అన్నది అది చెప్పదు. అందుకే డైటీషియన్ నడుము కొలత, చేతి పిడికిలి బలం, కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరు అన్నవి చూసి రాసుకుంటారు. ప్రతిసారీ పాత అంకెతో పోల్చుతారు.

ఇక 70 గ్రాములు ఎలా? కడుపు చిన్నపాటి ముద్దలకే నిండిపోతోంది కాబట్టి తినేటప్పుడు ప్రొటీన్ ముందు, అన్నం చివర. పొద్దున ఇడ్లీ బదులు 30 గ్రాముల పెసలతో చిన్న పెసరట్టు, ఒక ఉడికించిన గుడ్డు, ఇంకో గుడ్డు తెల్లసొన వేసుకుంటే 16 గ్రాములు వస్తాయి. 11 గంటలకు గుప్పెడు వేయించిన శెనగలు, 5 గ్రాములు. మధ్యాహ్నం 30 గ్రాముల మీల్ మేకర్ కూర 15 గ్రాములు ఇస్తుంది. దానికి తోడు నీళ్లలా కాకుండా గట్టిగా చేసిన కందిపప్పు ఒక కప్పు, చిన్న కప్పు పెరుగు, చివర కొద్దిగా అన్నం కలిపితే 27 దగ్గరికి చేరతారు. సాయంత్రం గ్లాసు పాలు 6, రాత్రి 60 గ్రాముల పనీర్‌తో ఒక పుల్కా 14. మొత్తం 68. పూటకు అంత పట్టకపోతే అదే తిండిని ఆరు విడతలు చేసుకోండి. అప్పటికీ అందకపోతే వే ప్రొటీన్ ఒక స్కూప్ చాలామందికి పనికొస్తుంది, బ్రాండును బట్టి అందులో 20 నుంచి 25 గ్రాములు ఉంటుంది. పిల్లల పాలల్లో కలిపే మాల్టు పొడులు ఆ లెక్కలోకి రావు, వాటిలో ఎక్కువ భాగం పిండి, చక్కెరే. ఇదంతా మొదలుపెట్టే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోండి. కిడ్నీ బలహీనంగా ఉంటే ఈ అంకెలు మారతాయి.

వికారం తగ్గాలంటే మందు ఎలా పనిచేస్తుందో తెలిసుండాలి. కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని ఇది తగ్గిస్తుంది. నూనె ఎక్కువైతే ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే బజ్జీలు, పూరీలు, నూనె తేలే ఆవకాయ మీకు ఇప్పుడు పడవు. ఇంజెక్షన్ తర్వాతి రోజు, ఆ మరునాడు తేలిగ్గా తినండి. కడుపు నిండినట్టు మొదటిసారి అనిపించగానే చెయ్యి కడిగేయండి. ఆ తర్వాత తిన్న రెండు ముద్దలే చాలామందికి వాంతి తెస్తాయి. అన్నంతో పాటు గ్లాసుడు నీళ్లు తాగొద్దు, అరగంట ఎడం ఇవ్వండి. తిన్నాక రెండు గంటల దాకా పడుకోవద్దు.

మలబద్ధకానికి తిండి, నీళ్లు రెండూ తగ్గడం పెద్ద కారణం. రోజంతా గుటకలు గుటకలుగా 2 లీటర్ల నీళ్లు తాగాలి. పీచు కోసమని పచ్చి సలాడ్ గిన్నెడు తింటే కడుపు దానితోనే నిండి ప్రొటీన్‌కు చోటుండదు. ఉడికించిన బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, ఆకుకూర పప్పు మేలు. ఇసబ్‌గోల్ ఒక చెంచా వాడొచ్చు గానీ నిండు గ్లాసు నీళ్లతోనే. నీళ్లు చాలకపోతే అదే గట్టిపడి అడ్డుపడుతుంది.

జుట్టు సంగతి. బరువు వేగంగా తగ్గినప్పుడు రెండు మూడు నెలలకు ఇలా రాలడం తరచూ చూస్తాం. ప్రొటీన్, ఐరన్ తక్కువైతే ఇంకా ఎక్కువ. ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ డి చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో, అందులోనూ మాంసం తిననివారిలో బి12 పడిపోతుంది, దాన్నీ చూడాలి. లోపం సరిచేసి తిండి కుదిరితే కొన్ని నెలల్లో జుట్టు తిరిగి వస్తుంది.

నన్ను అన్నిటికంటే కలవరపెడుతున్నది గ్లిమిపిరైడ్. మీరు తిన్నా తినకపోయినా అది ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఈ తిండి మీద షుగర్ హఠాత్తుగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ వస్తే వెంటనే పరీక్షించండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఆ మాత్ర తగ్గించడమో ఆపడమో మీ డాక్టర్ నిర్ణయించాలి. ఈ వారంలోనే ఫోన్ చేసి అడగండి. అప్పటిదాకా శనివారం ఒంటిపొద్దు, ఏకాదశి ఉపవాసం లాంటివి వద్దు.

కండ నిలవాలంటే తిండితో పాటు దానికి పనీ పెట్టాలి. నడక ఒక్కటే చాలదు. వారంలో మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదేసి చొప్పున మూడు విడతలు, గోడను తోసే పుషప్‌లు, లీటరు నీళ్ల సీసాలతో చేతుల వ్యాయామం చాలు.

డైటీషియన్‌ను ఎంచుకునేటప్పుడు చదువు అడగండి. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) గుర్తింపు ఉంటే మంచిది. మీ మాటలు వినకుండానే ముద్రించిన చార్టు చేతిలో పెట్టేవారైతే ఇంకొకరిని చూసుకోండి. వెళ్లేటప్పుడు మూడు రోజుల తిండి, అందులో ఒకటి ఇంజెక్షన్ మరునాటిది, గరిటెలు, కప్పుల కొలతలతో రాసి తీసుకెళ్లండి. మొదట్లో రెండు వారాలకోసారి, డోసు పెంచిన ప్రతిసారీ కలవాలి. మందు ఆపేటప్పుడు మరీ ముఖ్యం. ఇలాంటిదే మరో ఇంజెక్షన్ అయిన సెమాగ్లూటైడ్‌ను ఆపినవారిని గమనిస్తే తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలోనే తిరిగొచ్చింది, ఎందుకంటే ఆకలి మళ్లీ పాత స్థాయికి చేరుతుంది.

మీ బరువు 5 మి.గ్రా.తోనే బాగా తగ్గుతోంది. తిండి ఒక దారికి వచ్చేదాకా 7.5కు వెళ్లే తొందర వద్దని మీ డాక్టర్‌కు చెప్పండి. కడుపు పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, తిన్నాక కుడి డొక్కలో నొప్పి, నీళ్లు కూడా నిలవని వాంతులు, మూత్రం బాగా తగ్గడం – వీటిలో ఏది కనిపించినా తర్వాతి ఇంజెక్షన్ వేసుకోకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.