అడగండి చెబుతాం: పేరు స్విస్సు, పదును నెల రోజులు

ప్రశ్న: సిటీ మార్కెట్ దగ్గర మేం ఎప్పుడూ కొనే పాత్రల కొట్లో, పేరున్న స్విస్ కంపెనీ ముద్ర ఉన్న కూరగాయల చాకు 120 రూపాయలకు ఇచ్చారు. మాల్‌లో దాని ధర రెట్టింపు పైనే. కొత్తలో బాగా తెగింది. నెల తిరక్కుండానే టమాటా తొక్క మీద జారిపోతోంది. కొట్టాయన మర్యాదస్తుడే, చాలా ఏళ్ళ నుంచి అక్కడే ఉన్నాడు. అలాంటి మనిషి డూప్లికేటు ఎందుకు అమ్ముతాడు?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: అమ్మినా కొట్టుకు చెడ్డపేరు రాదు గనుక. మిక్సీ కాలిపోతే బిల్లు పట్టుకుని వెళ్ళి నిలదీస్తాం. చాకు మొద్దుబారితే ‘వాడకంలో అరిగిందిలే’ అనుకుని సాన పట్టిస్తాం. వాపసు రాని సరుకంటే ఏ కొట్టువాడికైనా ఇష్టమే.

ఇక లాభం సంగతి. ఉదాహరణకు, 300 ఎమ్మార్పీ ఉన్న అసలు చాకు కొట్టుకు 230కి పడిందనుకోండి. అందులో మిగిలేది 70, మీరు బేరమాడితే అదీ తగ్గుతుంది. నకిలీ 35కి పడి 120కి పోతే మిగిలేది 85. పెట్టుబడి తక్కువ, కొన్నవాళ్ళకు చవగ్గా దొరికిందన్న సంతోషం. పైగా ఏజెంటు అరువు మీద డజన్లకు డజన్లు దించి వెళ్తాడు. అన్ని కొట్లవాళ్ళూ కావాలని మోసం చేస్తారని కాదు. కానీ ఆ ధరకు అసలుది రాదని ఈ వ్యాపారంలో ఉన్న ఎవరికైనా తెలుసు. తెలియనట్టు ఉండటమే లాభసాటి.

ఇంత చవగ్గా ఎలా తయారవుతుందంటే, తొలి రోజు పదును తేవడం చాలా తేలిక. మెత్తటి రేకును బెల్టు మీద రుద్దినా న్యూస్ పేపర్ సర్రున తెగుతుంది. కొట్లో మీకు చూపించేది అదే. ఖర్చంతా ఆ పదును నిలబెట్టడంలో ఉంది. జర్మన్, స్విస్ వంటింటి చాకులకు ఎక్కువగా వాడేది సుమారు 0.5 శాతం కార్బన్, 15 శాతం క్రోమియం ఉన్న ఉక్కు. దాన్ని వెయ్యి డిగ్రీలు దాటించి, వెంటనే చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో కాచి పెళుసుదనం తగ్గిస్తారు (దీన్నే టెంపర్ చేయడం అంటారు). అప్పుడే రాక్‌వెల్ స్కేలు మీద 55 నుంచి 58 దాకా గట్టిదనం వస్తుంది. అంత గట్టి ఉక్కును కాలిపోకుండా పలచగా గ్రైండ్ చేయాలంటే నీళ్ళు పోస్తూ ఓపిగ్గా చేయాలి. నకిలీ చేసేవాళ్ళు కార్బన్ తక్కువున్న రేకు తెచ్చి, వేడి పనిని సగంలో ఆపేస్తారు, లేదా అసలే చేయరు. అంచు వెనక భాగాన్ని మందంగా వదిలేస్తారు. ఈ రెండూ షెల్ఫు మీద కంటికి కనపడవు.

ఇంట్లో మాత్రం కనిపెట్టొచ్చు. ట్యూబులైటు కింద అంచు పైకి వచ్చేలా చాకు పట్టుకోండి. పదునున్న అంచు కంటికి ఆనదు. పక్కకు మడుచుకుపోయిన చోట తెల్లటి గీత మెరుస్తుంది. వారం వాడకానికే అంచు పొడవునా అలా మెరిసిందంటే ఉక్కు మెత్తన. తర్వాత లావుపాటి క్యారెట్ కోయండి. కత్తి సగం దిగగానే ముక్క టక్కున చీలిపోతే, అది కోయడం లేదు, మేకులా చీలుస్తోంది. పిడికి, ఉక్కుకి మధ్య గోరు దూరే సందు ఉన్నా అనుమానించండి. అక్కడ నీరు నిలిచి తుప్పు మొదలవుతుంది.

దిగుమతి సరుకైతే ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు నంబరు ఉండాలి. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా’ అంటే తగ్గేది మీ చేతిలోని సాక్ష్యం.

ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లోని 104వ సెక్షన్ ప్రకారం తప్పుడు ముద్ర ఉన్న సరుకు అమ్మడమూ నేరమే. 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. తగిన జాగ్రత్త తీసుకున్నాననీ, అనుమానించే కారణం లేదనీ చూపించి, ఎవరి దగ్గర కొన్నాడో చెప్పగలిగితే బయటపడే వీలుంది. బిల్లు లేకుండా కొన్న కొట్టువాడికి అది కష్టం. మీరు ముందు కొట్టాయన్నే అడగండి, డబ్బు వాపసు ఇస్తే సరే. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆ చాకును మాత్రం సాన చక్రానికి పెట్టించి డబ్బు తగలేయకండి, మళ్ళీ కొద్ది రోజులకే మొదటికొస్తుంది.

ప్రశ్న: అయస్కాంతం అంటుకుంటే నకిలీ స్టీలు అంటారు, నిజమా? ఆన్‌లైన్‌లో 700 రూపాయల ‘డమాస్కస్’ చాకు కొనొచ్చా?
– ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: చాకు విషయంలో అది తలకిందుల మాట. గట్టిపరచగల స్టెయిన్‌లెస్ ఉక్కుకు అయస్కాంతం అంటుకుంటుంది. అంటుకోనిది గిన్నెలు చేసే 304 రకం కావచ్చు, దానికి పదును నిలవదు. అయితే నకిలీ చాకులకూ అయస్కాంతం అంటుకుంటుంది కాబట్టి, ఈ పరీక్షతో అసలుదని తేలదు.

ఇక డమాస్కస్ అంటే, ఉక్కు పొరలు అతికించి చేసిన, అలల్లాంటి గీతలు కనపడే చాకు. 700కి దొరికేది చాలావరకు లేజర్‌తో గీసిన బొమ్మే. చాకు వీపు చూడండి. నిజంగా పొరలుంటే ఆ గీతలు వీపు మీదా సాగుతాయి, అంచు దగ్గర మాత్రం మధ్య ఉక్కు నున్నగా బయటపడుతుంది. రుద్ది చూడటం మంచి పరీక్ష కాదు, అసలు డమాస్కస్ గీతలూ రుద్దితే మసకబారతాయి. వాటిని ఫెర్రిక్ క్లోరైడు అనే, ఉక్కును కొద్దిగా తినే ద్రావణంలో ముంచితే మళ్ళీ తేలతాయి, లేజర్ బొమ్మ తేలదు.

కొనే ముందు సైటు పేరు కాదు, ‘అమ్మేవారు’ అన్న చోట ఎవరి పేరుందో చూడండి. ఇంటికి రాగానే కూరగాయ కోయక ముందే వీపు, లేబులు పరిశీలించండి. ఒకసారి వాడారంటే వాపసుకు పేచీ పెడతారు.